పని ఒకరిది, పూచీ ఎవరిది?

మన గ్రామములలో వీధులు ఊడ్చువారు, మురుగు కాలువలు తీయువారు, నీటి పంపులు నడపువారు, వీధి దీపములు చూచువారు కలరు. వీరిలో కొందరు పంచాయతీ నేరుగా నియమించుకొన్నవారు. కొన్ని చోట్ల మరికొందరు కంట్రాక్టరు ద్వారా గాని, మనుష్యులను సరఫరా చేయు ఏజెన్సీ ద్వారా గాని వచ్చినవారు. ఇరువురు పట్టునది ఒకే చీపురు, ఊడ్చునది ఒకే వీధి. అయినను నెలాఖరున చేతికి వచ్చు జీతము ఒకటి కాదు. జ్వరము వచ్చి పని మానినప్పుడు కలుగు ఫలితము ఒకటి కాదు. జీతము ఆలస్యమైనచో వెళ్ళి అడుగవలసిన చోటు ఒకటి కాదు. ఈ వ్యత్యాసము ఎట్లు కలుగుచున్నది, దీనిని గూర్చి చట్టము ఏమి చెప్పుచున్నది, పంచాయతీ సభ్యులుగా మనము చేయదగినది ఏమి అను మూడు విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

నడుమ నిలిచినవాడు

సాధారణముగా కూలి విషయమున ఇద్దరే యుందురు: పని చేయించుకొనువాడు, పని చేయువాడు. ఏజెన్సీ పద్ధతిలో మూడవవాడు నడుమ నిలుచును. పని చెప్పువారు ఒకరు, జీతమిచ్చువారు వేరొకరు. పని జరుగు స్థలము, పనివేళలు మొదటివారి చేతిలో నుండును. నియామకము, జీతము, తొలగింపు రెండవవారి చేతిలో నుండును. పనివాడు ఇద్దరికిని లోబడవలెను. కాని కష్టము వచ్చినప్పుడు ఇద్దరిలో ఎవరును బాధ్యత వహింపకపోవచ్చును. జీతము రాలేదని పంచాయతీ కార్యాలయమునకు పోయినచో, "మీ ఏజెన్సీ వారిని అడుగుము" అందురు. ఏజెన్సీ వారిని అడిగినచో, "పంచాయతీ బిల్లు ఇంకను పాసు కాలేదు" అందురు. ఈ రెండు మాటల నడుమ పనివాని ఇంట పొయ్యి వెలుగదు.

నడిమివాడు ఎన్నడును అక్కరలేదని మేము చెప్పుట లేదు. మూడు దినముల జాతరకు అదనముగా పదిమంది కావలసి రావచ్చును. చెరువు తూము మరమ్మతు, భవన నిర్మాణము వంటివి ఒకసారి జరిగి ముగియు పనులు. వీటికై శాశ్వతముగా మనుష్యులను పెట్టుకొనుట సాధ్యము కాదు. ఏడాది పొడవున, ప్రతిదినము తప్పక జరుగవలసిన పనిని కూడ తాత్కాలికమని పేరు పెట్టి ఏజెన్సీకి అప్పగించినప్పుడే చిక్కు వచ్చును. ఊరికి నీరు ఎక్కించుట తాత్కాలికమైన పని ఎట్లగును? పని శాశ్వతము, పనివాడు మాత్రము తాత్కాలికుడు. అసమానతకు మూలమిదియే.

ఇది పాత కథయే

ఈ పద్ధతికి "అవుట్‌సోర్సింగ్" అను పేరు క్రొత్తది గాని పద్ధతి క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగము నుండి విశాఖపట్టణము, గోదావరి మండలముల తెలుగువారు వేలకొలది ఓడలెక్కి బర్మాకు పోయిరి. రంగూను రేవులో బస్తాలు మోసినది, బియ్యపు మిల్లులలో పని చేసినది వారే. కోరంగి రేవు పేరునుబట్టి అచ్చట వారిని "కోరంగీలు" అని పిలిచెడివారు. వారిని తీసికొనిపోయినది మేస్త్రీ. ఓడ కిరాయికి, ఇంటి ఖర్చులకు మేస్త్రీ బయానా ఇచ్చెడివాడు. పని కుదిరిన పిమ్మట మిల్లు యజమాని కూలి సొమ్మును మేస్త్రీకే ముట్టజెప్పెడివాడు. పెద్ద మేస్త్రీ క్రింద చిన్న మేస్త్రీ, వాని క్రింద గుంపు మేస్త్రీ యుండెడివారు. ఒక్కొక్క మెట్టున కొంత తరిగిపోగా మిగిలినదే కూలివానికి దక్కెడిది. మిల్లు యజమానికి తన మిల్లులో పని చేయువాని పేరైనను తెలియనక్కరలేదు.

1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన రాయల్ లేబర్ కమిషను, మేస్త్రీల ద్వారా పనివారిని కుదుర్చుకొనుటలోని దోషములను ఎత్తిచూపెను. స్వాతంత్ర్యానంతరము 1960లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పెను. బొంబాయిలోని స్టాండర్డ్ వాక్యూం చమురు శుద్ధి కర్మాగారములో శుభ్రపరచు పనిని కంపెనీ కంట్రాక్టరుకు అప్పగించినది. కంపెనీ పనివారికి గల సౌకర్యములు కంట్రాక్టరు పనివారికి లేవు. ఆ పని నిత్యము జరుగునదా, కర్మాగారమునకు అవసరమైనదా, తగినంతమందికి పూర్తికాలపు పని కల్పించునదా, ఇతరచోట్ల యజమానులు నేరుగా నియమించిన పనివారి చేతనే చేయించుచున్నారా అని కోర్టు విచారించెను. పిమ్మట ఆ పనిలో కంట్రాక్టు పద్ధతిని తొలగింపవలెనన్న ట్రిబ్యునలు ఆదేశమును సమర్థించెను. ఆ ప్రశ్నలే 1970 నాటి కంట్రాక్టు కార్మికుల (నియంత్రణ, రద్దు) చట్టములో చోటు చేసికొన్నవి. ఆ చట్టము "ప్రధాన యజమాని" అను మాటను స్థిరపరచినది. నడుమ కంట్రాక్టరు ఉన్నను, ఎవరి పని జరుగుచున్నదో వారు పూచీ తప్పించుకొనలేరని దాని భావము.

ఒక రూపాయి లెక్క

ఈ పూచీ ఎంత గట్టిదో తెలిసికొనుటకు 1982 నాటి ఒక తీర్పును చూతము. ఆ సంవత్సరము నవంబరులో ఢిల్లీలో ఏషియా క్రీడలు జరిగినవి. వాటి కొరకు స్టేడియములు, రోడ్లు, వంతెనలు నిర్మింపబడినవి. పనులు ప్రభుత్వ సంస్థలవి, చేయించినవారు కంట్రాక్టరులు, కంట్రాక్టరులకు కూలీలను తెచ్చి ఇచ్చినవారు జమాదారులు. రాజస్థాన్, ఉత్తర ప్రదేశ్, ఒరిస్సాల నుండి కూలీలు వచ్చిరి. నాటి కనీస వేతనము దినమునకు 9 రూపాయల 25 పైసలు. కంట్రాక్టరు ఆ మొత్తమును జమాదారు చేతికి ఇచ్చెడివాడు. జమాదారు తన కమీషనుగా ఒక రూపాయి మినహాయించుకొని 8 రూపాయల 25 పైసలు కూలివానికి ఇచ్చెడివాడు. స్త్రీలకు 7 రూపాయలే ముట్టెడిదని కోర్టు ముందు ఫిర్యాదు వచ్చినది.

ఒక రూపాయి చిన్న మొత్తమే కదా అనిపించవచ్చును. లెక్క వేసి చూతము. నెలకు 26 పనిదినములు అనుకొన్నచో 26 రూపాయలు. అనగా, చేతికి వచ్చు కూలి ప్రకారము మూడు దినముల కష్టమునకు మించినది. నూరుగురు కూలీలున్నచో జమాదారుకు నెలకు 2,600 రూపాయలు.

ప్రజాస్వామిక హక్కుల సంఘము ఒకటి ఈ విషయములను విచారించి, జస్టిస్ పి. ఎన్. భగవతి గారికి ఉత్తరము వ్రాయగా, దానినే రిట్ అర్జీగా స్వీకరించిరి. పనివారు తమవారు కారనియు, కంట్రాక్టరుల వారనియు ప్రభుత్వ సంస్థలు చేసిన వాదమును సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. 1982 సెప్టెంబరు 18న ఇచ్చిన తీర్పులో మూడు సంగతులు స్పష్టపరచినది. మొదటిది: కనీస వేతనము కోత లేకుండ పనివానికే చేరవలెను, జమాదారు కమీషను అందులోనుండి తీయరాదు. రెండవది: చట్టములు అమలు జరుగునట్లు చూచుట ప్రధాన యజమాని బాధ్యత. మూడవది: కనీస వేతనము కంటె తక్కువకు పని చేయించుట, రాజ్యాంగములోని 23వ అధికరణము నిషేధించిన నిర్బంధ చాకిరియే యగును. ఆకలి కూడ ఒక నిర్బంధమేనని కోర్టు గుర్తించినది. "ఇష్టపడియే చేరినాడు కదా" అను సమాధానము అప్పటినుండి చెల్లదు.

నేటి చట్టము

2025 నవంబరు 21 నుండి కేంద్ర ప్రభుత్వము నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోనికి తెచ్చినది. 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టమునకును, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమునకును బదులుగా వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చినది. కనీస వేతనముల చట్టము మొదలగువాటికి బదులుగా వేతనముల కోడ్, 2019 వచ్చినది. వీటిలో పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినవి కొన్ని కలవు.

వృత్తి భద్రత కోడ్‌లోని కంట్రాక్టు కార్మికుల భాగము 50 మంది గాని, అంతకు మించి గాని కంట్రాక్టు పనివారున్న సంస్థలకు వర్తించును. 1970 చట్టమున ఈ సంఖ్య 20. సంస్థ యొక్క ముఖ్య కార్యములలో కంట్రాక్టు పనివారిని నియమించుట కొన్ని మినహాయింపులతో నిషిద్ధము. ఆంధ్ర ప్రదేశ్ 2003లో చేసిన సవరణలోను ఇట్టి ఏర్పాటు కలదు. కాని పారిశుద్ధ్యము, కాపలా, తోటపని వంటివి, సంస్థ వాటికొరకే ఏర్పడినది కానిచో, ముఖ్య కార్యములు కావని కోడ్ చెప్పుచున్నది.

మన పంచాయతీలో పనివారు పదిమందే, కనుక ఈ గొడవ మనకు లేదని ఎవరైనను అనుకొనవచ్చును. అది పొరపాటు. వేతనముల కోడ్‌కు అట్టి సంఖ్యానియమము లేదు. కనీస వేతనము అందరికిని వర్తించును. నెల జీతము మరుసటి నెల 7వ తేదీలోగా చెల్లింపవలెను. ఒకే పనికి స్త్రీ పురుష భేదముతో వేరు వేతనములు ఇయ్యరాదు. జీతమియ్యవలసిన యజమాని ఈయనిచో, పని జరిగిన సంస్థకు అధిపతియైనవారు దానిని చెల్లింపవలెనని ఆ కోడ్‌లోని 43వ సెక్షను విధించుచున్నది. స్థానిక సంస్థల కార్యాలయములు కూడ సంస్థ యను నిర్వచనములోనికి వచ్చును. జీతపు బాకీకై మూడు సంవత్సరములలోగా అర్జీ పెట్టుకొనవచ్చును. జీతమిచ్చితిమని రుజువు చేయవలసిన భారము యజమానిదే గాని, రాలేదని రుజువు చేయవలసిన భారము పనివానిది కాదు.

సమాన వేతనమును గూర్చి కూడ ఒక మాట. ప్రభుత్వము క్రింద దినకూలిగాను, తాత్కాలికముగాను పని చేయువారు, శాశ్వతోద్యోగులతో సమానమైన పని చేయుచున్నచో ఆ స్థాయి కనీస మూలవేతనమునకు అర్హులని 2016 అక్టోబరులో, పంజాబు రాష్ట్రమునకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయితే కంట్రాక్టు పద్ధతి రద్దయినంత మాత్రమున పనివారు ప్రధాన యజమాని ఉద్యోగులు తమంత తాము కారని 2001 నాటి తీర్పు ఒకటి గలదు. కంట్రాక్టు కేవలము కాగితము మీది నటనయని రుజువైననే వారు ప్రధాన యజమాని ఉద్యోగులుగా గుర్తింపబడుదురు. కనుక కోర్టు తీర్పుకై ఎదురుచూచుట కంటె, ఒప్పందము వ్రాయునాడే జాగ్రత్తపడుట మేలు.

టెండరులోనే తేలిపోవును

పనివాని జీతము ఎక్కడ తరుగునో కనిపెట్టుటకు పెద్ద చదువు అక్కరలేదు. టెండరు తెరచిన నాడే తెలియును. మచ్చుకు, ఎనిమిదిమంది పనివారు కావలెననియు, ఆ పనికి నిర్ణీత వేతనము నెలకు 12,000 రూపాయలనియు అనుకొందము. ఏజెన్సీ ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. పరిధిలో ఉన్నదనియు అనుకొందము. యజమాని ప్రావిడెంటు ఫండు వాటా, దానికి చేరు బీమా, నిర్వహణ రుసుములు కలిపి నూటికి 13 వంతున 1,560 రూపాయలు. ఇ.ఎస్.ఐ. యజమాని వాటా నూటికి మూడుంబావు వంతున 390 రూపాయలు. అనగా ఒక మనిషికి 13,950 రూపాయలు. ఎనిమిదిమందికి 1,11,600 రూపాయలు. ఇందులో ఏజెన్సీ కమీషను చేరలేదు.

ఇప్పుడు ఒక ఏజెన్సీ తన కమీషనుతో సహా 1,05,000 రూపాయలకే మనుష్యులను పంపుదునని టెండరు వేసినదనుకొందము. అందరికంటె తక్కువ ధర అని మనము సంతోషించి ఆమోదింతుమా? తక్కువపడిన 6,600 రూపాయలు ఏజెన్సీ తన ఇంటినుండి తెచ్చి పెట్టదు. జీతములో కోత పడును, లేదా ప్రావిడెంటు ఫండు జమ కాదు, లేదా ఎనిమిదిమంది పేర్లు వ్రాసి ఆరుగురి చేత పని చేయింతురు. పంచాయతీకి ఆదా అయినట్లు కనిపించిన సొమ్ము పేదవాని సంచిలోనిదే. అటువంటి టెండరును ఆమోదించు తీర్మానము మీద చేయి ఎత్తుట యనగా, ఆ కోతకు మనము కూడ సమ్మతించుటయే.

అట్లే జీతపు చీటీని చదువుట నేర్చుకొనవలెను. పై లెక్కలో పనివాని వాటాగా ప్రావిడెంటు ఫండుకు 1,440 రూపాయలు, ఇ.ఎస్.ఐ.కి 90 రూపాయలు పోగా 10,470 రూపాయలు చేతికి రావలెను. అంతకు తగ్గినచో కారణము అడుగవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఏడాది పొడవున జరుగు పనులేవి, అప్పుడప్పుడు వచ్చునవేవి అని మొదట జాబితా వ్రాయవలెను. నిత్యము జరుగు పనులకు, నియమములు అనుమతించినంతవరకు, నేరుగా మనుష్యులను నియమించుకొనుట ఉత్తమము.

2. టెండరు పిలుచుటకు ముందే వేతనము, చట్టబద్ధమైన చెల్లింపులు కలిపి కనీస మొత్తము ఎంతో లెక్క కట్టి, అంతకు తగ్గిన ధరను అంగీకరింపమని షరతులలోనే వ్రాయవలెను. పోటీ ఏజెన్సీ కమీషను మీద జరుగవలెను గాని పనివాని కూలి మీద జరుగరాదు.

3. వేతనము బ్యాంకు ఖాతాకే చేరవలెను. క్రొత్త బిల్లు పాసు చేయుటకు ముందు, గడచిన నెల జీతములు చెల్లించినట్లును, ప్రావిడెంటు ఫండు జమ కట్టినట్లును రుజువు చూడవలెను. బిల్లు చెల్లించుటలో పంచాయతీ కూడ ఆలస్యము చేయరాదు.

4. ప్రతి పనివానికి నియామక పత్రము, గుర్తింపు కార్డు, జీతపు చీటీ ఇప్పింపవలెను. ప్రావిడెంటు ఫండు ఖాతా సంఖ్య పనివానికే తెలిసియుండవలెను. ఏజెన్సీ మారినను ఆ సంఖ్య మారదు.

5. చేతి తొడుగులు, బూట్లు, ముఖమునకు కట్టుకొను మాస్కులు ఇయ్యవలెను. సెప్టిక్ ట్యాంకులలోనికి రక్షణ లేకుండ మనిషిని దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఆ నిషేధము స్థానిక సంస్థకును ఏజెన్సీకిని సమానమే. అట్టి మరణములలో కుటుంబమునకు 30 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది. పరిహారము పోయిన ప్రాణమును తేలేదు.

6. ఏజెన్సీ మారినప్పుడు పాత పనివారిని కొనసాగింపవలెనని ఒప్పందములో వ్రాయవలెను. పదేండ్లు ఊరికి సేవ చేసినవాడు, కాగితము మీది పేరు మారినందున వీధిన పడరాదు.

ఊరు విడిచి పోవువారి సంగతి

పంచాయతీకి మరియొక బాధ్యత కలదు. మన గ్రామములనుండి బయటికి పోయి ఏజెన్సీల క్రింద, మేస్త్రీల క్రింద పని చేయువారు అనేకులు. మహబూబ్‌నగరు జిల్లా నుండి ఆనకట్టల పనులకు, రోడ్ల పనులకు దేశమంతట తిరిగిన పాలమూరు కూలీలను ఎరుగనివారు లేరు. వారిని కట్టిపడవేయునది గుంపు మేస్త్రీ ముందుగా ఇచ్చు బయానా. బాకీ తీరువరకు పని విడిచి పోరాదని నిర్బంధించుట 1976 నాటి వెట్టి చాకిరి రద్దు చట్టము క్రింద నేరము. అట్టి సమాచారము తెలిసినంతనే జిల్లా కలెక్టరుకు తెలుపవలెను.

నేటి కోడ్ ప్రకారము పదిమంది గాని, అంతకు మించి గాని ఇతర రాష్ట్రముల పనివారున్న సంస్థ, వారు స్వగ్రామమునకు పోయి వచ్చుటకు ప్రయాణపు ఖర్చు ఇయ్యవలెను. పని చేయుచోటనే రేషను పొందు వీలు కూడ కోడ్‌లో చేర్చబడినది. పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, ఊరు విడిచి పోవువారి పేరు, తీసికొనిపోవు మేస్త్రీ పేరు, పని స్థలము, ఒప్పుకొన్న కూలి, పుచ్చుకొన్న బయానా వ్రాసికొనుట ఎంతో మేలు. ఈ అయిదు వివరములున్నచో, ఆపద వచ్చిన నాడు ఎక్కడ వెదకవలెనో, ఎవరిని నిలదీయవలెనో తెలియును. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఇ-శ్రమ్ నమోదు కూడ ఇట్టివారికై ఏర్పడినదే. బయలుదేరక ముందే నమోదు చేయించి పంపవలెను.

నడిమివాడు లేకుండ పని జరుగదను మాట నిజము కాదనుటకు మన గ్రామములలోనే నిదర్శనము కలదు. 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద కంట్రాక్టరులు నిషిద్ధులైరి. మస్టరు గ్రామసభ ముందు చదువబడెను. కూలి తపాలా కార్యాలయముల ద్వారాను, బ్యాంకుల ద్వారాను పనివారికే చేరెను. లోపములు లేకపోలేదు. అయినను కోట్లకొలది పనిదినముల కూలిని జమాదారు లేకుండ పంచవచ్చునని రుజువైనది.

రానున్న సమావేశమున పారిశుద్ధ్య ఏజెన్సీ బిల్లు మన ముందుకు వచ్చినప్పుడు, మొత్తము చూచి సంతకము చేయుటతో సరిపెట్టుకొనక, పనివారి పేర్ల పట్టికను, బ్యాంకు చెల్లింపుల కాగితమును కూడ అడిగి చూతము. వాటిని సభలో పైకి చదివింతము. ఆ పట్టికలోని మనుష్యులు మన వీధిలోనే యున్నారు. పేరు పిలిచినచో వచ్చి తమకెంత ముట్టినదో వారే చెప్పగలరు.